15డబ్ల్యూ ఆయిల్ పోశాక ముందు ఫోర్క్ రాయిలా అయింది, అయినా గుంతల్లో అడుక్కి కొడుతోంది

సగంక్లచ్
బండి పాతదే, 200 సీసీ డ్యూయల్ స్పోర్ట్. ముందు మామూలు టెలిస్కోపిక్ ఫోర్క్, 37 మి.మీ. పైపులు, 190 మి.మీ. ట్రావెల్, అంటే ఫోర్క్ పూర్తిగా దిగే దూరం. డ్యాంపర్ రాడ్ రకం, తిప్పి సరిచేసుకోవడానికి ఏ మరా లేదు. నేను తిరిగే దారి ఒకే రకం కాదు. కాస్త తారు, చాలా కంకర, తర్వాత రాళ్ల ఏటవాలు, చివర ఒక రెండు కిలోమీటర్లు ఇసుక.

ఎడమ సీల్ కారుతోందని మొన్న ఫోర్క్ మొత్తం విప్పాను. సీళ్లు, డస్ట్ సీళ్లు, బుష్‌లు కొత్తవి వేశాను. బ్రేక్ పట్టగానే ముక్కు నేలకి పెడుతోంది కదా అని 10డబ్ల్యూ బదులు ఇంకా చిక్కటి 15డబ్ల్యూ ఆయిల్ పోశాను. మాన్యువల్లో ఎన్ని మి.లీ. అని రాసుందో అంతే, సిరంజితో కొలిచి మరీ.

ఇప్పుడు పిడికిలంత రాళ్ల మీద పోతుంటే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. పోనీ గట్టిపడింది కదా అని సరిపెట్టుకుందామంటే, పెద్ద గుంతలో పడ్డప్పుడు మునుపటిలాగే అడుక్కి తగిలి డబ్ అంటోంది. ఒకే ఫోర్క్ గట్టిగానూ మెత్తగానూ ఎలా ఉంటుంది? 20డబ్ల్యూ పోస్తే డబ్ ఆగుతుందా?

గాలిపంపు
ముందు టైర్లో గాలి ఎంత?

సగంక్లచ్
28 పీఎస్ఐ. తారు కూడా ఉంది కదా, అందుకని.

గాలిపంపు
దొంగ దొరికాడు, రాళ్లకి ఆ గాలి ఎక్కువ. నేను వెళ్తున్నా.

నట్టుబోల్టు
ఒక్క దొంగే దొరికాడు, ముఠా ఇంకా లోపలే ఉంది. 20డబ్ల్యూ మాత్రం పోయకండి.

డ్యాంపర్ రాడ్ ఫోర్క్ లోపల పెద్ద రహస్యమేం లేదు. అడుగున ఒక రాడ్, దానికి కొన్ని కన్నాలు. ఫోర్క్ దిగినప్పుడు ఆయిల్ ఆ కన్నాల్లోంచి దూరి పోవాలి. కన్నం సైజు ఎప్పుడూ అంతే. నెమ్మదిగా దిగితే ఆయిల్ హాయిగా జారిపోతుంది, అడ్డే తెలియదు. వేగంగా దిగితే గోడ కట్టినట్టు అడ్డుపడుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు దాదాపు నాలుగింతలు. బ్రేక్ పట్టినప్పుడు ముక్కు దిగడం నెమ్మది కదలిక, రాయి అంచు తగలడం మెరుపు కదలిక. కాబట్టి ఈ రకం ఫోర్క్ పుట్టుకతోనే బ్రేకింగ్‌లో మెత్తన, రాళ్ల మీద గట్టి. మీరు ఆయిల్ చిక్కన చేసి రెండో జబ్బును ముదరబెట్టారు.

ఇంకోటి. చిక్కటి ఆయిల్‌తో దిగడమే కాదు, తిరిగి లేవడం కూడా నెమ్మదిస్తుంది. రాయి వెనక రాయి వస్తుంటే, మొదటి రాయికి దిగిన ఫోర్క్ పూర్తిగా లేవకముందే రెండోది తగులుతుంది. అలా నాలుగు రాళ్లు దాటేసరికి ఫోర్క్ సగం కూరుకుపోయి ఉంటుంది. అక్కడ స్ప్రింగ్ అప్పటికే బాగా నొక్కుకుని ఉంది, మిగిలిన ట్రావెల్ తక్కువ. చేతులకు దెబ్బ తగిలేదీ, ఆ పైన గుంత వస్తే అడుక్కి కొట్టేదీ రెండూ అందుకే.

కొండమేక
మీ బరువెంత, గేర్‌తో కలిపి? సాగ్, అంటే బరువుకి ఫోర్క్ ఎంత కూరుకుంటోందో, ఎంత వచ్చింది?

సగంక్లచ్
గేర్‌తో 92 కిలోలు. సాగ్ కొలవలేదు. చదివాను గానీ ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు, వదిలేశాను.

కొండమేక
ఇద్దరుంటే పది నిమిషాల పని. ముందు చక్రం గాల్లో ఉండేలా బండిని ఎత్తిపెట్టి, ఆక్సిల్ మధ్య నుంచి, ఫోర్క్ పైపులను పట్టి ఉంచే కింది క్లాంప్ దాకా కొలవండి. ఇది మొదటి అంకె. చక్రం నేల మీద పెట్టి, ఎవరూ ఎక్కకుండా బండిని నిటారుగా పట్టుకుని కొలిస్తే రెండోది. హెల్మెట్, బూట్లు, సంచి అన్నీ తగిలించుకుని ఫుట్‌పెగ్‌ల మీద నిలబడితే మూడోది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే బండి సాగ్, మూడోది తీసేస్తే మనిషితో సాగ్. మీలా అన్ని రకాల నేల మీదా తిరిగేవాళ్లకి ట్రావెల్‌లో పాతిక నుంచి ముప్ఫై శాతం ఉంటే బాగుంటుంది. 190కి 50, 55 మధ్య అనుకోండి.

కిటుకు మాత్రం మూడో అంకెలో ఉంది. దాన్ని రెండుసార్లు తీయాలి. ఒకసారి ముందు భాగాన్ని కిందికి నొక్కి, మెల్లగా వదిలి, ఆగిన చోట కొలవండి. ఇంకోసారి కొంచెం పైకెత్తి, మెల్లగా వదిలి, ఆగిన చోట కొలవండి. రెండూ ఒకటే రావు. వాటి సగటు మీ సాగ్. వాటి తేడా మీ ఫోర్క్‌లో ఉన్న రాపిడి. తేడా సెంటీమీటర్ లోపు ఉంటే సంతోషించండి. రెండు దాటితే ఇక్కడ ఆయిల్ గురించి మాట్లాడుకోవడం దండగ, పైపులు ఎక్కడో పట్టేస్తున్నాయి.

ఇసుకతిన్నె
అందరూ కలిసి చిక్కటి ఆయిల్‌ని విలన్ చేసేశారు. నా బండికి 15 పోశాకే ఇసుకలో ముందు చక్రం తిన్నగా నడిచింది. పల్చటి ఆయిల్ ఉన్నప్పుడు థ్రాటిల్ వదిలిన ప్రతిసారీ ముక్కు పాతుకుపోయేది. ఎవరి నేల వారిది.

నట్టుబోల్టు
మీరు రోజంతా ఇసుకలోనే ఉంటారు. ఈయనకి ఇసుక చివరి రెండు కిలోమీటర్లే. దానికోసం మిగతా దారంతా చేతులు పోగొట్టుకోవాలా? పైగా మీ ముక్కు పాతుకుపోవడం స్ప్రింగ్ మెత్తనవడం వల్లేనని నా అనుమానం. ఎంత వేగంగా దిగాలో ఆయిల్ చెబుతుంది, ఎంత లోతు దిగాలో చెప్పేది స్ప్రింగే. బ్రేక్ అలాగే పట్టి ఉంచితే ఎంత చిక్కటి ఆయిల్ ఉన్నా చివరికి అంతే దిగుతుంది, కాస్త ఆలస్యంగా.

ఇసుకతిన్నె
స్ప్రింగ్ మార్చలేదు, నిజమే. కానీ ఇసుకలో ఒక మిట్టకీ ఇంకో మిట్టకీ మధ్య ఉండే టైమే అంత. ఆ కాస్త ఆలస్యం నాకు చాలు.

కొండమేక
ఇది మాత్రం ఒప్పుకోవాలి.

డబ్బామూత
ఇంతకీ ఏ 15? డబ్బా మీద డబ్ల్యూ పక్కన ఉన్న అంకెను నమ్మకండి. ఫోర్క్ ఆయిల్ విషయంలో అది అన్ని కంపెనీలకీ ఒకటే కాదు. ఒకరి 5, ఇంకొకరి 7.5 కన్నా చిక్కగా ఉండొచ్చు. డేటా షీట్లో 40 డిగ్రీల దగ్గర చిక్కదనం ఎన్ని సెంటీస్టోక్స్ అని ఇస్తారు, పోల్చుకోవాల్సింది దాన్ని. నేను ఒకసారి 10 తీసేసి వేరే కంపెనీ 10 పోసి, వారం పాటు బండిలో ఏం పాడైందా అని వెతికాను. చివరికి చూస్తే ఏమీ పాడవలేదు, 10 అని రాసున్నదే 10 కాదు.

తిప్పుడుమర
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా ఎండ్యూరో బండిలో ఫోర్క్ పైన ఒక మర, కింద ఒక మర ఉన్నాయి. రెండూ పూర్తిగా బిగించేస్తే బ్రేకింగ్‌లో దిగదు కదా?

నట్టుబోల్టు
దిగదు. రాయికీ దిగదు, గుంతకీ దిగదు, మీరే దిగుతారు.

మీది కార్ట్రిడ్జ్ ఫోర్క్. లోపల పిస్టన్ మీద పల్చటి ఉక్కు రేకులు, అవే షిమ్‌లు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఆయిల్ ఒత్తిడికి అవి వంగి దారి ఇస్తాయి. మీరు తిప్పే మర ఆ రేకులను ముట్టుకోదు. పక్కనున్న చిన్న సందును మూస్తుంది, తెరుస్తుంది, అంతే. అందుకే దాని ప్రభావం నెమ్మది కదలికల మీదే ఎక్కువ. రెండింట్లో ఒకటి కంప్రెషన్‌కి, అంటే దిగడానికి, ఒకటి రీబౌండ్‌కి, అంటే తిరిగి లేవడానికి. ఏది ఎక్కడన్నది ఫోర్క్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. పూర్తిగా మూసి, అక్కడి నుంచి ఎన్ని క్లిక్కులు తెరిచారో లెక్క పెట్టండి. మూసేటప్పుడు వేళ్లతో తిప్పినంత మెల్లగా చాలు, బలంగా బిగిస్తే లోపలి సూది కూర్చునే చోటు పాడవుతుంది. ఒకసారికి ఒక మర, రెండు క్లిక్కులు, అదే దారిలో మళ్లీ ఒక రౌండు. రెండూ కలిపి తిప్పితే ఏది ఏం చేసిందో మీకే తెలియదు.

తిప్పుడుమర
రెండూ కలిపే తిప్పాను. ఇప్పుడు మొదట్లో ఎక్కడ ఉండేవో కూడా గుర్తులేదు.

పాతఇనుము
1935లో బీఎండబ్ల్యూ ఆర్12కి ఆయిల్ డ్యాంపింగ్‌తో, అంటే ఊపుకి ఆయిల్ అడ్డుపడేలా, టెలిస్కోపిక్ ఫోర్క్ వచ్చింది. దాంట్లో ఏ ఆయిల్ పోయాలన్న గొడవ ఆ మర్నాడే మొదలై ఉంటుంది.

సగంక్లచ్
కొలిచాను. బండి సాగ్ 30. మనిషితో సాగ్, నొక్కి వదిలితే 92, ఎత్తి వదిలితే 68. సగటు 80. తేడా 24. చూస్తుంటే రెండు పరీక్షలూ తప్పాననిపిస్తోంది.

కొండమేక
రెండూ తప్పారు, కానీ ఏ సబ్జెక్టో ఇప్పుడు తెలిసింది కదా. 190లో 80 అంటే మీరు నిలబడగానే 42 శాతం ట్రావెల్ పోయింది, మీ బరువుకి స్ప్రింగ్ చాలదు. అది తర్వాత. ముందు ఆ 24 సంగతి చూడాలి. మొన్న విప్పారు కదా, చక్రం తిరిగి ఎలా బిగించారు?

సగంక్లచ్
ఎలా ఏముంది? ఆక్సిల్ దూర్చాను, నట్ బిగించాను, కింద ఆక్సిల్‌ని ఫోర్క్ కాలికి బిగపట్టే పించ్ బోల్ట్ బిగించాను.

చక్రంచుట్టు
ఎక్కువమంది అక్కడే బోల్తా పడతారు. ఆక్సిల్ నట్ పూర్తిగా బిగించండి, పించ్ బోల్ట్ మాత్రం వదులుగా ఉంచండి. స్టాండ్ మీంచి దింపి, ముందు బ్రేక్ పట్టుకుని ఫోర్క్‌ని గట్టిగా ఐదారు సార్లు కిందికి నొక్కండి. పించ్ బోల్ట్ ఉన్న కాలు ఆక్సిల్ మీద అటో ఇటో జరిగి తన చోటు తానే వెతుక్కుంటుంది. అప్పుడు పించ్ బోల్ట్ బిగించండి. ఈ వరస తప్పితే రెండు కాళ్లూ కింద దగ్గరికో దూరానికో లాగబడి ఉంటాయి. సమాంతరంగా లేని రెండు పైపులు ప్రతి మిల్లీమీటరుకీ బుష్‌ల మీద గీసుకుంటూ దిగుతాయి.

క్లాంప్ బోల్ట్‌లు కూడా చూడండి. చేతికొద్దీ బిగించేస్తే పైపు అక్కడ నొక్కుకుపోతుంది, ముఖ్యంగా కింది క్లాంప్‌లో. టార్క్ రెంచ్ పెట్టి మాన్యువల్లో ఉన్నంతే.

గేరుమూడు
చేతికొద్దీ బిగించేవాడిని నేనే. టార్క్ రెంచ్ ఉంది, కాకపోతే దాంతో ఎక్కువగా పేపర్లు ఎగిరిపోకుండా బరువు పెడుతుంటా.

సగంక్లచ్
నమ్మరు. పించ్ బోల్ట్ వదులు చేసి, చాక్‌పీస్‌తో ఆక్సిల్ మీద గీత గీశాను. నొక్కడం మొదలుపెట్టాక రెండోసారికే కుడి కాలు టక్ మని బయటికి జరిగింది. ఆరుసార్లు నొక్కేసరికి గీతకీ కాలికీ మధ్య 4 మి.మీ. సందు. అంటే ఇన్నాళ్లూ కుడి కాలిని 4 మి.మీ. లోపలికి లాగిపెట్టి బిగించి నడుపుతున్నాను. అలాగే బిగించి మళ్లీ కొలిస్తే నొక్కి వదిలినప్పుడు 82, ఎత్తి వదిలినప్పుడు 73. తేడా 9.

ఆయిల్ ఇంకా మార్చలేదు. అయినా ఇంటి ముందు గతుకుల్లోనే తేడా తెలుస్తోంది. గాలి కూడా 18కి దించాను, గాలిపంపు గారు సంతోషించాలి.

గాలిపంపు
సంతోషించాను. ట్యూబ్ ఉన్న టైరైతే రాళ్లలో వేగంగా వెళ్లినప్పుడు రిమ్‌కీ రాయికీ మధ్య నలిగే భయం ఉంటుంది. రిమ్ మీద దెబ్బలు కనిపిస్తే రెండు పీఎస్ఐ పెంచండి. తారెక్కితే మళ్లీ నింపుకోండి.

డబ్బామూత
ఆయిల్ మార్చేటప్పుడు మి.లీ.లు వదిలేసి మట్టం కొలవండి. విప్పినప్పుడు ఎంత బోర్లించినా లోపల గోడలకీ రాడ్‌లోనూ పాత ఆయిల్ కొంత ఉండిపోతుంది, రెండు కాళ్లలోనూ ఒకేలా కాదు. దాని మీద కొలిచి పోస్తే రెండూ సమానంగా వస్తాయన్న నమ్మకం లేదు. స్ప్రింగ్ బయటికి తీసి, ఫోర్క్‌ని పూర్తిగా నొక్కి, పైపు పై అంచు నుంచి ఆయిల్ దాకా ఎంత ఖాళీ ఉందో చూడాలి. పోసిన వెంటనే కాదు. మెల్లగా పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, బుడగలు పోయేదాకా ఆగి, పైపు నిటారుగా ఉంచి అప్పుడు.

సగంక్లచ్
అన్నట్టే అయింది. కుడి కాలు 140 మి.మీ., ఎడమ కాలు 171. సిరంజితో కొలిచి పోసిన నా నిజాయితీకి ఫలితం ఇది. ఎడమ కాలు బిగించేటప్పుడు కొంచెం ఒలికింది, "పర్లేదులే" అనుకున్న మాట కూడా గుర్తొచ్చింది.

అయినా పైన ఖాళీ కాస్త ఎక్కువైతే ఏమవుతుంది? డ్యాంపింగ్ చేసేది కిందున్న ఆయిలే కదా.

త్రైరాశికం
ఆ ఖాళీలో ఉన్నది గాలి. ఫోర్క్ దిగేకొద్దీ అది నొక్కుకుని రెండో స్ప్రింగ్ అవుతుంది. మీ ఫోర్క్‌కే లెక్క వేద్దాం. పైపు బయటి వ్యాసం 37, లోపలిది 31 అనుకుందాం, స్ప్రింగ్ ఆక్రమించే చోటు వదిలేద్దాం. మట్టం 140 పెడితే సగం ట్రావెల్ దగ్గర ఒక్కో కాలిలో గాలి సుమారు 53 న్యూటన్లతో తోస్తుంది. 120 పెడితే 57. తేడా అర కిలో కూడా లేదు, చేతికి తెలియదు. అదే అడుక్కి వెళ్లేసరికి 140కి 210 న్యూటన్లు, 120కి 245. ఒక్కో కాలికి మూడున్నర కిలోల తేడా.

అంటే చిన్న రాళ్ల మీద మెత్తదనం పోకుండా, అడుక్కి కొట్టడం ఒక్కటే తగ్గించాలంటే మట్టాన్ని మించిన సాధనం లేదు. ఒక్కోసారి 5 లేదా 10 మి.మీ. మార్చి చూడండి. మరీ పైకి పోస్తే ట్రావెల్‌లో చివరి భాగం ఎప్పటికీ వాడుకోలేరు, సీళ్ల మీద ఒత్తిడీ పెరుగుతుంది.

వాల్వుపిచ్చి
ఇంత శ్రమ పడే బదులు ఎమ్యులేటర్లు వేసుకోండి, ఒక్క దెబ్బతో పోతుంది. డ్యాంపర్ రాడ్ మీద, స్ప్రింగ్ కింద కూర్చునే వాల్వు అది. నెమ్మది కదలికకి అడ్డుపడుతుంది, రాయి తగిలితే తెరుచుకుంటుంది. నట్టుబోల్టు మొదట్లో చెప్పిన పుట్టుకతో వచ్చిన జబ్బుకి మందు అదొక్కటే. నేను వేసుకున్నాక వెనక్కి చూసింది లేదు.

నట్టుబోల్టు
మందు మంచిదే, వరస తప్పు. రాడ్‌లో కంప్రెషన్ కన్నాలు పెద్దవి చేయాలని కూడా చెప్పండి. లేకపోతే ఆయిల్‌ని ఆ కన్నాలే ఆపేస్తుంటే వాల్వుకి పనుండదు. ఒకసారి పెద్దవి చేశాక ఆ రాడ్ మళ్లీ మామూలుగా పనికిరాదు. రీబౌండ్ సంగతి అప్పటికీ ఆయిలే చూసుకోవాలి. 42 శాతం కూరుకుపోయిన ఫోర్క్‌లో ఎంత మంచి వాల్వు పెట్టినా, అది పని చేయాల్సిన ట్రావెల్ సగం ముందే అయిపోయింది. ముందు స్ప్రింగ్.

గేరుమూడు
స్ప్రింగ్ ఎందుకు? స్ప్రింగ్ పైన కూర్చునే స్పేసర్ 2 సెంటీమీటర్లు పొడుగు చేస్తే సరి. పైపు ముక్క కోసుకుంటే అయిపోతుంది. సాగ్ 80 కాస్తా 60 అవుతుంది.

కొండమేక
సాగ్ 60 అవుతుంది, స్ప్రింగ్ గట్టిపడదు. ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచడం, ఫోర్క్ ఎంత ఎత్తున మొదలవ్వాలో మారుస్తుంది తప్ప, మిల్లీమీటరుకి ఎన్ని కిలోలు అన్నది మారదు. ఈయన బండి సాగ్ 30, స్పేసర్ వేస్తే 10కి వస్తుంది. అంటే రాయి దిగి కింద పల్లం వచ్చినప్పుడు చక్రం కిందికి చాచుకోవడానికి చోటు ఉండదు, నేలని వదిలేస్తుంది. మనిషితో సాగ్ సరిపెట్టడానికి బండి సాగ్‌ని మింగేయాల్సి వస్తే స్ప్రింగ్ మెత్తనని అర్థం.

కొత్తది దొరక్కపోతే ఉన్నదాన్నే కోసేవాళ్లూ ఉన్నారు. 40 చుట్లున్న స్ప్రింగ్‌లో 4 కోస్తే 11 శాతం గట్టిపడుతుంది, పోయిన పొడుగుకి స్పేసర్ వేసుకోవాలి. కోసిన చివర చదునుగా లేకపోతే పైపు లోపల గీకుతూ రాపిడి మళ్లీ తెచ్చిపెడుతుంది. నేనైతే కొననిచ్చే పరిస్థితి ఉంటే కొంటాను.

పాతఇనుము
ఎవరు ఏది చేసినా, పై మూత విప్పేటప్పుడు మొహం దాని మీద పెట్టకండి. పై క్లాంప్ వదులు చేసి, మూత మొదటి పట్టు బండి మీద ఉండగానే వదిలించుకోవాలి. తర్వాత చివరి మరల దగ్గర అరచేత్తో నొక్కి పట్టుకుని తిప్పాలి. నేను ఒకసారి ఏదో ఆలోచిస్తూ తిప్పాను. మూత, స్పేసర్, వాషర్ మూడూ లేచాయి. మూత పైకప్పుకి తగిలి పడింది. వాషర్ ఏడాది తర్వాత అలమారా వెనక దొరికింది. అప్పటికే బండి అమ్మేశాను.

స్పానర్‌పదిహేడు
అడుగు బోల్ట్ కూడా అంతే. స్ప్రింగ్ తీసేశాక విప్పబోతే లోపలి రాడ్ బోల్ట్‌తో పాటే తిరుగుతూ ఉంటుంది, గంటసేపు తిప్పుకోవచ్చు. స్ప్రింగ్ లోపలుండగానే, ఫోర్క్‌ని ఎవరైనా నొక్కి పట్టుకుంటే రాడ్ కదలదు, అప్పుడే వదులు చేయాలి. బిగించేటప్పుడు రాగి వాషర్ కొత్తది వేయండి.

సగంక్లచ్
మూడు వారాలైంది, రాయలేకపోయాను.

స్ప్రింగులు మార్చాను. పాతవి 0.48 కేజీ/మి.మీ., కొత్తవి 0.56. ఆయిల్ మళ్లీ 10డబ్ల్యూ, రెండు కాళ్లూ కొలిచి 130. స్పేసర్ 5 మి.మీ. పెంచాను. మనిషితో సాగ్ 57, బండి సాగ్ 18. ఎడమ పైపుకి ఒక జిప్ టై కట్టి డస్ట్ సీల్ దాకా దించి బయల్దేరాను, ఎంత దిగుతోందో చూద్దామని.

రాళ్ల ఏటవాలు దిగి ఆగి చేతులు చూసుకున్నాను. తిమ్మిరి లేదు. చక్రం రాళ్ల మధ్య ఆడుతోంది, హ్యాండిల్ దాకా రావడం లేదు. జిప్ టై అడుగుకి 14 మి.మీ. ఇవతల ఆగింది. తిరిగొచ్చేటప్పుడు నాకు అలవాటైన గుంతలో కావాలనే కాస్త వేగంగా పడ్డాను, ఒక్కసారి మెత్తగా తగిలింది. పర్లేదు, తెలిసే పడ్డాను. బ్రేక్ పడితే ముక్కు ఇంకా దిగుతుంది, ఇదివరకటంత లోతు కాదు.

ఒక్కటే బాగాలేదు. కంకర మలుపుల్లో ముందు చక్రం బయటికి జారిపోతున్నట్టుంది. ఇదివరకు ఇలా లేదు. ఇసుకలో మాత్రం తిన్నగా పోతోంది.

కొండమేక
సాగ్ 80 నుంచి 57కి వచ్చిందంటే ముందు భాగం 2 సెం.మీ. పైగా లేచింది. ఫోర్క్ కోణం వాలింది, ముందు చక్రం మీద బరువు తగ్గింది. ఇసుకలో తిన్నగా పోవడానికీ, మలుపులో జారడానికీ కారణం అదొక్కటే. క్లాంప్‌లలో పైపులను 5 మి.మీ. పైకి జరపండి. రెండూ ఒకే ఎత్తు ఉండాలి. పూర్తిగా దిగినప్పుడు టైరు మడ్‌గార్డ్‌కి తగలకుండా చూసుకోండి. వెనక సాగ్ కూడా ఓసారి కొలవండి, వెనక కూరుకుపోయి ఉంటే ముందు ఎంత సర్దినా ఇంతే.

ఇసుకతిన్నె
జరపకండి. ఇసుకలో బాగుందంటున్నారు కదా!

కొండమేక
ఆ మనిషికి ఇసుక రెండు కిలోమీటర్లు.

ఇసుకతిన్నె
మంచి రెండు కిలోమీటర్లు.

సగంక్లచ్
5 జరిపాను, మలుపులు దారికొచ్చాయి. వెనక కొలవాలి. ఇసుకలో కాస్త బరువు వెనక్కేసి థ్రాటిల్ వదలకుండా పోతున్నా, సరిపోతోంది.

అన్నీ బాగున్నాయి అనుకునేలోపు కొత్త సీల్ ఎడమ వైపు చెమ్మగిల్లుతోంది. కారడం లేదు, పైపు మీద సన్నటి ఉంగరంలా ఆయిల్. వేసి నెలన్నర. మళ్లీ విప్పాలా?

స్పానర్‌పదిహేడు
వేసేటప్పుడు పైపు కొసకి ప్లాస్టిక్ కవర్ తొడిగి ఆయిల్ రాసి జార్చారా, ఉత్తగా నెట్టారా?

సగంక్లచ్
కవర్ వేశాను. సీల్‌కి సన్నటి స్ప్రింగ్ చుట్టి ఉన్న వైపు లోపలికే పెట్టాను. ఇది ఒక్కటీ మొదటిసారే సరిగ్గా చేశాను.

స్పానర్‌పదిహేడు
అయితే విప్పకండి. డస్ట్ సీల్‌ని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తి పైకి జరపండి, పైపుకి గీత పడకుండా. పాత కెమెరా ఫిల్ము ముక్క గానీ, అలాంటి పల్చటి గట్టి ప్లాస్టిక్ గానీ తీసుకుని కొసని కొక్కెంలా కత్తిరించండి. ఆయిల్ సీల్ అంచు కిందికి దూర్చి చుట్టూ ఒక రౌండు తిప్పి బయటికి లాగండి. సీల్ పోయిందనుకున్న వాటిలో చాలాసార్లు అంచు కింద ఇసుక రేణువే ఉంటుంది. తర్వాత పైపు మీద గోరుతో మెల్లగా పైకీ కిందికీ రాసి చూడండి. గోటికి తగిలే గరుకు ఉంటే వెయ్యి నంబర్ వాటర్ పేపర్‌తో అక్కడ మాత్రం నునుపు చేయాలి. లేకపోతే ఎన్ని సీళ్లు మార్చినా అదే కోసేస్తుంది.

సగంక్లచ్
ఫిల్ము లేదు, కూల్‌డ్రింక్ సీసా కోశాను. రెండో రౌండులో నల్లటి బురద, దాంట్లో మెరిసే ఇసుక రేణువు ఒకటి. గోటికి ఏమీ తగల్లేదు. తుడిచి, డస్ట్ సీల్ మళ్లీ నొక్కి, నిన్నా ఇవాళా నడిపాను. పైపు పొడిగా ఉంది.

ఇసుకతిన్నె
ఆ రేణువు మాదే అయి ఉంటుంది.

తిప్పుడుమర
నా మరల సంగతి ఎవరైనా చూస్తారా? రెండూ మూసి 12 క్లిక్కులు తెరిచాను. అక్కడి నుంచి ఎటు?

నట్టుబోల్టు
ముందు సాగ్ ఎంతో చెప్పండి.